చూస్తే తినని కుక్క

మా అన్న ఆళ్ళగడ్డలో రాతిపని చేస్తాడు. దేవుళ్ళనీ నాయకులనీ చెక్కే శిల్పుల మధ్య, రేకుల షెడ్డులో ఒక మూల కూర్చుని అక్షరాలు చెక్కుతాడు. శంకుస్థాపన ఫలకాలు, బడికి గదులు కట్టించినవాళ్ళ పేర్లు, సమాధిరాళ్ళ మీద పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద ఒక బైబిలు వాక్యం. వదిన పోయిన మరుసటి ఏడు ఒక ఎర్ర ఆడకుక్క ఆ షెడ్డులోకి వచ్చి రాతిపొడి మీద పడుకుంది. ఇక పోలేదు. అన్న దానికి పేరు పెట్టలేదు. ఇన్ని రాళ్ళ మీద ఇన్ని పేర్లు చెక్కే మనిషికి కుక్కకో పేరు దొరకలేదా అని నేను నవ్వితే, "'ఏమే' అంటే వస్తాంది కదా, ఇంక పేరెందుకు?" అన్నాడు.

ఆ షెడ్డులో దానికి తిండికి లోటు లేదు. పొద్దున పనివాళ్ళు తెచ్చుకునే బొరుగుల ఉగ్గానిలో దానికింత. మధ్యాహ్నం క్యారియర్లు విప్పితే ఒక్కొక్కరి దగ్గరా ఆగి తన వాటా తీసుకుని ముందుకు పోయేది. అన్న రోజూ ఉడికించిన కోడిగుడ్డు ఒకటి జేబులో వేసుకుని పోతాడు. తెల్లసొన ఆయనకు, పచ్చసొన దానికి. ఆదివారం ఎవరింట్లో మాంసం వండినా సోమవారం ఎముకలు షెడ్డుకు వచ్చేవి.

పోయిన ఏడు ఎండలు మొదలయ్యే రోజుల్లో అది ఉచ్చకు కూర్చోవడం, లేవడం, మళ్ళీ కూర్చోవడం మొదలుపెట్టింది. తెల్లటి రాతిపొడి మీద ఎర్రటి చుక్కలు కనబడిన రోజు అన్న పని ఆపి, ఆటో మాట్లాడుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని నంద్యాల వచ్చాడు. నేను నంద్యాలలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు. ఊరి మధ్యలో ఒక పాత ఇంటి వెనక భాగం అద్దెకు తీసుకుని ఉంటున్నాను. బడికి సెలవు పెట్టి వాళ్ళతో పాటు పశువుల ఆసుపత్రికి వెళ్ళాను.

డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించింది. కుక్క కడుపు బూడిదరంగు మేఘంలా ఉంది. ఆ మేఘంలో మూడు తెల్లటి మచ్చలు.

"మూత్రసంచిలో రాళ్ళున్నాయి. ఆపరేషన్ చేసి తీయాలి," అంది.

అన్న మొహం పాలిపోయింది. "నా షెడ్డు దుమ్ము లోపలికి పోయి గడ్డ కట్టిందా మేడం?"

"దుమ్ముకూ దీనికీ సంబంధం లేదు. ఇన్ఫెక్షను వల్ల, తినే తిండిలోని లవణాల వల్ల లోపలే తయారవుతాయి."

దుమ్ము కాదని తెలిసి అన్న పెద్దగా ఊపిరి వదిలాడు. తిండి అనే మాట ఆయన చెవిన పడినట్టు లేదు.

రెండు రోజుల తర్వాత ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ ఒక రాయిని పరీక్షకు పంపి, మిగిలిన రెండిటినీ చిన్న డబ్బాలో వేసి అన్న చేతికిచ్చింది. ఒకటి చింతగింజంత, ఒకటి శనగంత. అన్న కుక్కను చూడడం మరిచిపోయి ఆసుపత్రి అరుగు మీద కూర్చున్నాడు. చింతగింజంత రాయిని అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. గోటితో గీరాడు. చెవి దగ్గర పెట్టుకుని మరో రాయితో చిన్నగా తట్టి విన్నాడు.

"మెత్తటి రాయి పాపా ఇది. పొర మీద పొర వచ్చిండాది, చూడు. ఉల్లిగడ్డ మాదిరి. దీని మీద అక్షరం నిలవదు," అన్నాడు.

నలభై ఏళ్ళుగా రాళ్ళతో బతికిన మనిషి ఒంట్లో పెరిగిన రాయిని మొదటిసారి చూస్తున్నాడు. ఆయన మొహంలో భయం పోయి, బడిలో మంచి పిల్లవాడి మొహంలో కనిపించే వెలుగు వచ్చింది. నాకూ అలాంటివంటే ఇష్టమే. ఇద్దరం ఆ రాయిని చూస్తూ చాలాసేపు కూర్చున్నాం.

డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచి ఒక సంచి ఇచ్చింది. ఈ జబ్బు కోసమే తయారుచేసిన గింజల తిండి. గోధుమరంగులో, గుండ్రంగా, నొక్కితే గట్టిగా ఉన్నాయి. ఎముకలు, గుడ్లు, ఉప్పూకారం వేసిన కూడు ఏవీ ఇక వద్దంది. నీళ్ళు బాగా తాగించమంది. "ఒక్కసారిగా మార్చొద్దు. చప్పిడి అన్నంలో కొంచెం కొంచెం కలుపుతూ పదిరోజుల్లో మార్చండి," అంది.

బయటికొచ్చాక అన్న ఆ సంచినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "షెడ్డులో పద్నాలుగు చేతులుండాయి పాపా. అందర్నీ యాడ పట్టుకునేది? రొన్నాళ్ళు నీ దగ్గర పెట్టుకో. అలవాటైనాక తీసకపోతా."

అలా ఏమే నా ఇంటికి వచ్చింది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పదిరోజులు కలుపుతూ కూర్చోవడం కంటే మొదటిరోజు నుంచే కచ్చితంగా ఉంటే కుక్కకు త్వరగా తెలుస్తుందని అనుకున్నాను. ఆకలేస్తే అదే తింటుందిలే అనుకున్నాను. ఒక స్టీలు పళ్ళెంలో గింజలు పోసి దాని ముందు పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఒళ్ళో నోటు పుస్తకం.

అది వాసన చూసింది. నా మొహంలోకి చూసింది. తర్వాత చేసిన పని నేనెప్పుడూ చూడలేదు. పళ్ళెం చుట్టూ బండల నేలను ముక్కుతో తోసింది. మట్టి తోసి పళ్ళేన్ని పూడ్చినట్టు, నాలుగు వైపుల నుంచీ ఓపికగా తోసింది. అక్కడ మట్టి లేదు. అయినా పని పూర్తి చేసినట్టు వెనక్కి తిరిగి పోయి, బట్టలుతికే బండ పక్కన పడుకుంది. 'పాతిపెట్టింది' అని రాసుకున్నాను.

రెండోపూట గింజల మీద గోరువెచ్చటి నీళ్ళు పోశాను. వాసన బాగా వస్తుందని నా లెక్క. మళ్ళీ పాతిపెట్టింది. మూడోపూట నా పంతం కొంచెం దిగి, చప్పిడి అన్నం ముద్దలు చేసి, ఒక్కో ముద్దలో ఒక్కో గింజ దాచాను. పదకొండు ముద్దలు. గబగబా తినేసింది. నేను గెలిచాననుకుని లేచేలోపు నేల మీద గింజలు కనబడ్డాయి. ఒక్కదానికి ఒక్క మెతుకు అంటుకుని లేదు. లెక్కపెడితే తొమ్మిది. మిగతా రెండూ తినిందని సంబరపడ్డాను. సాయంత్రం ఊడుస్తుంటే అవి తలుపు వెనక దొరికాయి.

కోపం రాలేదు. అంత మెత్తటి అన్నంలో నుంచి, అంత తొందరలో, నాలుకతో గింజను ఏరి పక్కన పెట్టడం ఎలా సాధ్యం? నేను అన్నంలో రాయి వస్తే పంటికింద పడేదాకా కనిపెట్టలేను.

నాలుగు రోజులు గడిచాయి. గింజలు ముట్టలేదు. అన్నం పెట్టినా సగం వదిలేస్తోంది. అన్న రోజూ ఫోను.

"తింటాండాదా?"

"లేదన్నా."

"నీరసంగా ఉండాదా?"

అదే నాకు అర్థం కాని విషయం. నీరసంగా లేదు. కుట్లు మానుతున్నాయి. తోక ఊపుతోంది. దాన్ని ఎత్తుకుని బరువు చూసే యంత్రం ఎక్కి, తర్వాత నేనొక్కదాన్నే ఎక్కి, తేడా చూశాను. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఎంతుందో అంతే ఉంది. తినని కుక్క తగ్గకుండా ఎలా ఉంటుంది? పిల్లలకు బోర్డు మీద రాసి అడగదగ్గ ప్రశ్న. నాకే జవాబు తెలియలేదు.

ఆ ఆదివారం మా చర్చిలో పాస్టరుగారి గొంతు పట్టేసింది. వాక్యం రెండు ముక్కల్లో ముగించి ప్రార్థన చేసి పంపించేశారు. ప్రతివారం కంటే గంట ముందే ఇంటికి వచ్చాను. పక్క సందులో నుంచి వెనక వాకిలికి వస్తుంటే, నాకు అద్దెకిచ్చిన ఇంటావిడ గొంతు వినిపించింది.

ఇంటావిడకు డెబ్భై దాటాయి. భర్త అహోబిలం గుడి వంటశాలలో జీవితమంతా ప్రసాదాలు వండినవారు. ఆయన పోయాక ఆవిడ నంద్యాల ఇంటికి వచ్చి ముందు భాగంలో ఒక్కతే ఉంటోంది. కుక్కను తెచ్చిన రోజు ఆవిడ, "పెట్టుకో టీచరమ్మా, కానీ నా గడప తొక్కరాదు," అని ఒక్కమాట చెప్పి లోపలికి పోయింది.

ఇప్పుడు గడప ఇవతలికి ఆవిడే వచ్చి ఉంది. బాదం ఆకులో పెరుగన్నం. ఆకును నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, కుక్కకు వీపు చూపించి, చేటలో కూరాకు ఏరుకుంటూ మాట్లాడుతోంది.

"తినవే తల్లీ. కడుపు కోసి రాళ్ళు తీసి మళ్ళా రాళ్ళే పెడతాండాదే ఈ టీచరమ్మ. ఎవరన్నా తింటారా?"

ఏమే ఆకు చివర పట్టుకున్న మెతుకు కూడా వదలకుండా నాకుతోంది.

"అమ్మా!" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడలేదు. చేట పక్కన పెట్టి, "వచ్చినావా? ఈ పొద్దు బేగా వదిలినారే," అంది.

"ఎన్నాళ్ళ నుంచి పెడతాండారమ్మా?"

"వచ్చిన రెండో రోజు నుంచి. నువ్వు బడికి పోతావు, ఇది గోడకు ఆనుకోని మూలుగుతాంటే నా నోట్లోకి ముద్ద ఎట్ల పోతాది?"

ఉప్పు వేసిన పెరుగన్నం దానికి మంచిది కాదని, ఆ గింజలు రాళ్ళు కావని, మళ్ళీ రాళ్ళు రాకుండా చేసే తిండని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. నోటితో "అయ్యో" అని, చేత్తో లెంపలు వేసుకుంది. నాకు మాత్రం మరో సంగతి తెలుసుకోవాలని ఉంది.

"నేను అన్నం పెడితే సగం వదిలేస్తాంది. మీరు పెడితే ఆకు కూడా నాకుతాంది. మీ చేతిలో ఏముందమ్మా?"

"చేతిలో ఏమీ లేదు. పెట్టి పక్కకు తిరుగుతా, అంతే. నేను కిటికీలోనుంచి చూస్తానే ఉండా. నువ్వు పళ్ళెం పెట్టి, ఎదురుగా కూర్చోని, పుస్తకం పట్టుకోని, దాని నోట్లోకే చూస్తాండావు. పరీక్ష హాల్లో మాదిరి. నీ ఎదురుగా ఎవరన్నా అట్ల కూర్చుంటే నీకు దిగుతాదా ముద్ద?"

నవ్వు వచ్చింది. సిగ్గూ వచ్చింది. నాలుగు రోజులుగా పేజీల కొద్దీ రాసుకున్నాను. పళ్ళెం, నీళ్ళు, వేడి, వేళ అన్నీ రాశాను. ఎదురుగా కూర్చున్న నన్ను మాత్రం రాసుకోలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఇద్దరం కలిసి పని మొదలుపెట్టాం. ఆవిడ చెప్పింది చేయడం నా వంతు. "మా ఆయనకు చక్కెర జబ్బు వచ్చినప్పుడు నేను తీపి ఒక్క దినంలో మాన్పించలా. కాఫీలో రోజుకో రవ్వ తగ్గించినా. నాలుగు నెలలకు గాని ఆయనకు తెలీలా," అంది. గింజల్ని వేడినీళ్ళలో నానబెట్టి, చేత్తో మెత్తగా మెదిపి, జావ కాచినట్టు ఉడికించిన చప్పిడి అన్నంలో కలిపింది. గుడి వంటమనిషి భార్య కదా, కలిపిన తీరులో ఏది అన్నమో ఏది గింజో చూపుకు తెలియలేదు. మొదటిరోజు నాలుగింట మూడు వంతులకు పైగా అన్నమే. పళ్ళెం బదులు ఆకు. పెట్టి, నేను వీపు తిప్పుకుని పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను.

వెనక ఏం జరుగుతోందో చూడకుండా కూర్చోవడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. మెడ దానంతటదే తిరగబోయేది. ఇంటావిడ కిటికీలోనుంచి "ఊఁ!" అని హెచ్చరించేది. చెవులు రిక్కించి విన్నాను. ముందు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఆకు నేల మీద జరిగిన గరగర. తర్వాత నాలుక చప్పుడు. ఒకే సమాధానపత్రాన్ని మూడుసార్లు దిద్దాను.

ఆకు ఖాళీ.

అన్నీ సాఫీగా జరగలేదు. ఆరో రోజు నాకు తొందర పుట్టి గింజలు ఒక్కసారి సగానికి పెంచాను. ఏమే మళ్ళీ నేలను ముక్కుతో తోసి ఆకును పాతిపెట్టింది. మరుసటి పూట ఇంటావిడ పాత పాళ్ళకే తిరిగి కలిపింది. అక్కడి నుంచి మళ్ళీ మొదలు. మెదపడం తగ్గించాం. నానబెట్టడం తగ్గించాం. డాక్టరమ్మ చెప్పిన పదిరోజులు మాకు ఇరవై అయ్యాయి.

ఒక సాయంత్రం గింజల్ని ఉత్తగానే ఆకులో పోసి, గోడవైపు తిరిగి నిలబడ్డాను. కరకరమని చప్పుడు. ఆగింది. మళ్ళీ కరకర. నేను అన్నకు ఫోను చేసి, మాట్లాడకుండా ఫోనును వెనక్కి చాచి పట్టుకున్నాను.

"ఏందది? ఎవరన్నా కంకర మీద నడుస్తాండారా?" అన్నాడు అన్న.

"నీ కుక్క గింజలు తింటాండాదన్నా."

ఫోనులో ఉలి కిందపెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత అన్న, "ఆదివారం వస్తా," అన్నాడు.

ఆదివారం వచ్చేముందు ఆయన కూడా తన ఏర్పాటు చేసుకున్నాడు. రాగానే ఫోనులో ఫోటో చూపించాడు. షెడ్డు గోడకు ఆనించిన నల్లరాతి పలక. శంకుస్థాపన ఫలకాల మీద చెక్కే అందమైన అక్షరాలతో, 'ఈ కుక్కకు ఎవరును ఏమియు పెట్టరాదు' అని చెక్కి, అక్షరాల్లో తెల్లరంగు నింపాడు.

"పద్నాలుగు చేతులకూ చూపించినా. అందరూ సరే అన్నారు. ఇంక భయం లేదు పాపా," అన్నాడు.

ఏమే ఆయన కాళ్ళ చుట్టూ తిరిగింది. ఒళ్ళోకి ఎక్కింది. మొహమంతా నాకింది. అన్న దాని చెవులు పట్టుకుని, "ఏమే, ఏమే," అంటున్నాడు. నేను మంచినీళ్ళు తేవడానికి లోపలికి పోయి వచ్చాను. వచ్చేసరికి అన్న అరచేతిలో పచ్చసొన సగం ఉంది. మిగతా సగం ఏమే నోట్లో ఉంది. నా నోరు తెరుచుకునేలోపు రెండో సగం కూడా పోయింది. ఇరవై రోజుల పని మీద దానికి ఏ మమకారమూ లేదు.

"అన్నా! ఏం పని ఇది?"

అన్న తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు. రెండో చేతిలో తెల్లసొన ఉంది. "తెలీలేదు పాపా. ప్రమాణంగా తెలీలేదు. జేబులోకి చెయ్యి ఎప్పుడు పోయిందో..."

"ఆ రాయి చెక్కింది నువ్వే కదన్నా!"

గడపలో నిలబడ్డ ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. అన్న నవ్వలేదు. తెల్లసొనను తినకుండా కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఏమే ఆ జేబునే చూస్తూ కూర్చుంది. ఆయన చాలాసేపు దాని తల నిమిరాడు.

"పద్నాలుగు చేతులకు చెప్పుకున్నా. నా చేతికి చెప్పుకోలేకపోయినా," అన్నాడు చివరికి. "దీన్ని చూస్తే నా చెయ్యి ఊరుకోదు. ఈడే ఉండనీ పాపా."

"అలవాటు చేసుకుంటే వస్తుందిలే అన్నా. నీక్కూడా రోజుకో రవ్వ తగ్గిద్దాం."

"ఒద్దు. అది తప్పు చేస్తే ఒక పూట పస్తుంటాది. నేను తప్పు చేస్తే మళ్ళా కడుపు కోయించుకుంటాది."

సాయంత్రం బస్సుకు ఒంటరిగా వెళ్ళాడు. ఏమే సందు చివరిదాకా వెంట పోయింది. అక్కడ ఆయన ఏదో చెప్పాడు. అది తిరిగి వచ్చింది. ఏం చెప్పాడని తర్వాత అడిగితే, "కుక్కకూ నాకూ మధ్య మాట," అన్నాడు తప్ప చెప్పలేదు.

ఆ తర్వాత వీలైన ప్రతి ఆదివారం వచ్చాడు. లోపలికి రాకముందే ఇంటావిడ ఆయన్ను గేటు దగ్గర నిలబెట్టి, "జేబులు చూపించప్పా," అనేది. అన్న రెండు జేబులూ బయటికి తిరగేసి చూపించేవాడు. రాతిపొడి రాలేది. షెడ్డులో మధ్యాహ్నం గుడ్డు ఏం చేస్తున్నావని ఒకసారి అడిగాను. తెల్లసొన తినేసి పచ్చసొన ఎవరికివ్వాలో తెలియక కొన్నాళ్ళు చేతిలో పట్టుకు కూర్చునేవాడట. ఇప్పుడు మొత్తం తానే తింటున్నాడట. "పచ్చసొన ఇంత బాగుంటాదని తెలీదు పాపా నాకు. ఇన్నేళ్ళూ మంచిదంతా అదే తినింది," అన్నాడు.

వానాకాలం వెళ్ళాక మళ్ళీ ఎక్స్‌రే తీయించాం. అన్న ఆళ్ళగడ్డ నుంచి వచ్చాడు. ఆ రోజు ఇంటావిడ కూడా వస్తానంది. కుక్క ఉన్న ఆటోలో ఆవిడ ఎక్కడం నాకు ఆశ్చర్యమే. ఏమే తన కాళ్ళ దగ్గరికి రాకుండా చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని కూర్చుంది. దారిలో ఒక గతుకు దగ్గర ఏమే తూలితే ఆ చేత్తోనే దాని మెడ పట్టుకుంది. ఆసుపత్రి వచ్చేదాకా వదలలేదు.

డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పట్టింది. అదే బూడిదరంగు మేఘం. తెల్ల మచ్చలు లేవు. అన్న ఫిల్ము దగ్గరికి వెళ్ళి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసి, "నున్నగా ఉండాది," అన్నాడు.

"ఈ తిండికి మార్చలేక చాలామంది మధ్యలో వదిలేస్తారు. మీరెట్ల అలవాటు చేశారు మేడం?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది.

నేను చెప్పాను. బాదం ఆకు, నానబెట్టడం, మెదపడం, రోజుకో రవ్వ పెంచడం, వీపు తిప్పి కూర్చోవడం.

"వీటిలో ఏది పని చేసింది?"

"తెలియదండీ," అన్నాను. నిజంగానే తెలియదు. అన్నీ కలిపి చేశాను. ఒక్కొక్కటే తీసేసి చూస్తే తెలిసేది. కానీ తింటున్న కుక్క మీద ఆ ప్రయోగం చేయడానికి ఇంటావిడ ఒప్పుకోలేదు.

డాక్టరమ్మ తల ఊపి చీటీ రాసింది. రాస్తూ రాస్తూ పెన్ను ఆపి, ఇంటావిడ వైపు తిరిగింది.

"అమ్మా, మా ఇంట్లో ఒక పిల్లి ఉంది. కిడ్నీ జబ్బు. నేనే డాక్టర్ని, దాని జబ్బు తిండి నేను పెడితే వారం నుంచి ముట్టడం లేదు. ఏం చేయమంటారు?"

ఇంటావిడ కుర్చీ డాక్టరమ్మ వైపు జరుపుకుంది. "ముందు ఇది చెప్పు తల్లీ. నువ్వు దానికి పెట్టేటప్పుడు యాడ కూర్చుంటాండావు?"